అర్థం కాలేదని చెప్పడం ఎలా

హైదరాబాదు నుంచి పని మీద విశాఖ వెళ్లాను. గాజువాకలో ఎక్కిన షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న కాంట్రాక్టు కార్మికుడు ఫోనులో ఇంగ్లీషు పాఠం వింటున్నాడు. ఎందుకని అడిగాను.

"మా సూపర్‌వైజరు ఇంగ్లీసులో ఏటి సెప్పినా యస్ సార్ అనేత్తాం. అర్దం కానేదని సెప్తే రేపట్నుంచి రావొద్దంతాడు. మా బావ అలాగే యస్ అన్నాడు. మిసన్లో సెయ్యి పోనాది."

నాకు ఒళ్లు మండింది. అర్థం కానప్పుడు "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అనాల్సిందేనని చెప్పి, దారి పొడుగునా పలికించాను. చక్కగా వచ్చేసింది.

మల్కాపురంలో ఇద్దరం దిగాక, పరీక్షిద్దామని, మీ ఇల్లు ఎక్కడని ఇంగ్లీషులో అడిగాను.

అతను చేతులు కట్టుకుని తల వంచాడు.

"యస్ సార్."