కుంటికొంగ

మా ఫుట్‌బాల్ సార్‌కి ఆ పేరు పెట్టింది నేనే. సన్నగా పొడుగ్గా ఉండేవారు, తెల్ల బనియన్ వేసేవారు, ఎడమ మోకాలు సరిగ్గా వంగేది కాదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న మైదానంలో ఆట మొదలుపెట్టేముందు అందరం రాళ్ళు ఏరాలి. అది ఆయన పెట్టిన నియమం. టీమ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేదాన్ని, నాకు రాళ్ళేమిటని ఒళ్ళు మండేది.

సార్ బెంగాలీ ఆయన, బెంగాలీలో తిడితే దొరికిపోతాం. తెలుగులో తిడితే ఎవడికి తెలుస్తుంది? పక్క క్వార్టర్ పిల్ల కూడా తెలుగుదే, నాతోనే ఆడేది. సార్ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, నవ్వు మొహంతో, "ఈ కుంటికొంగ పరిగెట్టలేడు గానీ మనల్ని సంపేత్తన్నాడే" అనేదాన్ని. అది కిసుక్కున నవ్వేది. సార్ ఇంకో రౌండ్ అని వేలు తిప్పేవారు. ఏడాది పొడుగునా ఇదే తంతు.

ఆ ఏడు జిల్లా క్యాంపుకి నా పేరు వచ్చింది. నెలరోజులు ఇంటికి దూరంగా ఉండాలి. ఆడపిల్లని పంపేది లేదన్నాడు నాన్న. వెళ్ళకపోతే నా ఆట అక్కడితో సరి. ఏడ్చుకుంటూ సార్‌తో చెప్పాను.

ఆదివారం పొద్దున్నే సార్ మా ఇంటికి వచ్చారు. మూడో అంతస్తు. ఆ మోకాలితో ఎక్కేసరికి ఆయాసం వచ్చేసింది. అమ్మ టీ ఇచ్చింది. పంపేది లేదని నాన్న బెంగాలీలో చెప్పబోతుంటే సార్ అందుకున్నారు.

"సిన్నప్పుడు టికియాపారాలో మా పక్కింటోల్లు మీవోల్లే బాబూ. ఆల్ల సేతి గంజి తాగి పెరిగినోన్ని."

తలుపు వెనక నిలబడి విన్నాను, అచ్చం మా ఇంటి తెలుగు. అన్నీ విన్నారు. ఏడాదంతా విన్నారు. ఇప్పుడు నాన్నకి చెప్పేస్తారు, నా పని అయిపోయిందనుకున్నాను.

"పిల్లని పంపండి. నా సొంత బిడ్డనాగ సూసుకుంతాను. నోరు కాసింత దురుసు గానీ, కాలు బంగారం."

నాన్న ఒప్పుకున్నాడు. ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, భూమి చీలి అందులోకి పోతే బాగుణ్ణనుకున్నాను. సార్ తలుపు వైపు చూడనైనా చూడకుండా, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. క్షమించమని అడగాలి. తిట్టింది తెలుగులో గనక, అడగడమూ తెలుగులోనే అడగాలి. సార్ వచ్చి, మోకాలు పట్టుకుని కష్టంగా వంగి, నా పక్కనున్న రాయి తీశారు. నోరు తెరిచాను. అంత దురుసు నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

సార్ నా వైపు చూసి "దౌడో" అన్నారు, ఎప్పటిలా బెంగాలీలోనే.

తలొంచుకుని పరిగెత్తాను. ఆగితే ఆయన మొహం చూడాలి. విజిల్ ఊది ఆయనే ఆపేదాకా పరిగెత్తుతూనే ఉన్నాను.