గడప మీది మనిషికి ఒక కార్డు

నవల తిరగరాసేటప్పుడు ఇన్ని పాత్రల్ని ఎలా గుర్తుపెట్టుకున్నావని పుస్తకం వచ్చాక చాలామంది అడిగారు. నేను బిన్ కార్డుల గురించి చెప్పేవాణ్ని. అది అబద్ధం కాదు, కానీ సగమే.

నాచారంలో ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేసేవాణ్ని. అక్కడ ప్రతి వస్తువు దగ్గరా బిన్ కార్డు అని ఒకటి వేలాడుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు బయటికి పోయింది, ఏ రాక్‌లో ఉంది, అన్నీ అందులోనే. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విన రోజులవి. బస్సు దిగి చిల్కానగర్‌లో ఇల్లు చేరేసరికి తలలో పాత్రలన్నీ కలగలిసిపోయేవి. పెళ్లయిన పిల్ల మళ్లీ పెళ్లిచూపులకు కూర్చునేది. అందుకని ముందుగది మంచం మీద చిత్తుప్రతి పరిచి, పాత్రకొక బిన్ కార్డు రాశాను. బాగా పనిచేసింది. మధ్యలో తప్పిపోయిన మేనమామ ఒకడు దొరికాడు కూడా.

అక్కడితో ఆగవలసింది. స్టోర్స్‌లో ఏడాది చివర కార్డులు తిరగేసి, కదలని సరుకు మీద ‘నాన్ మూవింగ్’ అని రాసి స్క్రాప్‌కు పంపుతాం. ఆ అలవాటు కొద్దీ నవల కార్డులూ తిరగేశాను. ఒక ముసలమ్మ కార్డులో రాకపోకలు లేవు. మొదటి అధ్యాయం నుంచీ గడప మీద కూర్చునే ఉంది. నవల పొడుగైందన్న బెంగ నాకు ఎలాగూ ఉంది. ఆ కార్డు మీదా ‘నాన్ మూవింగ్’ అని రాసి, ఆమెను తీసేసి ఆ చోట్లన్నీ తిరగరాశాను. పాత పేజీలు పాత పేపర్లలో పడేశాను.

ఆ ముసలమ్మ మా అత్తగారే. చివరి రోజులన్నీ మా ఇంట్లో, మా గడప మీదే గడిపింది. ఆవిడ ఫొటో సరైనది ఒక్కటీ మా దగ్గర లేదు.

పేపర్లు అమ్మడానికి కట్టలు కడుతున్న నా భార్యకు ఆ పేజీలు దొరికాయి.

“ఏంది, మా అమ్మను స్క్రాప్‌ల ఏసిన్రా?” అని అడిగింది.

“గామె కథల ఏం జేస్తలేదు. కూసుంటది, గంతే” అన్నాను.

“మీరు సిగరెట్ తాగొచ్చిన్నాడు సోంపు నములుకుంట ఎన్క దర్వాజకెల్లి ఎవలికి భయపడి వచ్చేటోళ్లు? గా కూసున్నామెకే గదా!”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “తీసేసినంక కథ ఎట్లున్నదో జర సదివి సూసిన్రా? మీరు సదివినంకనే పేపరాయనకు ఏస్త.”

చదవలేదు. కదలని మనిషి పోతే ఏం మారుతుందన్న కుతూహలం అప్పుడు పుట్టింది. ఆమె కార్డు పట్టుకుని, తీసేసిన చోట్లే వరసగా చదివాను. తాగివచ్చిన కొడుకు తిన్నగా లోపలికి పోయి పడుకుంటున్నాడు. పాత ప్రతిలో వాడు సందు మలుపులో నిలబడి చొక్కా సర్దుకునేవాడు. కోడలు పుట్టింటికి ఫోన్ చేస్తూ గొంతు తగ్గించడం లేదు. పక్కింటామె చక్కెర అడిగి, తీసుకుని వెళ్లిపోతోంది. ఇదివరకు గడప దగ్గరే కబుర్లలో పడి వచ్చిన పని మరిచిపోయేది. అందరూ వస్తున్నారు, పోతున్నారు. ఎవరూ ఆగడం లేదు.

మా స్టోర్స్‌లో ఒక పెద్ద బేరింగ్ ఉండేది. నేను చేరకముందు నుంచీ గ్రీజు కాగితంలో అలాగే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ స్క్రాప్‌కు రాయరు. మిషన్ ఆగిన రోజు అది లేకపోతే కంపెనీ మొత్తం ఆగుతుంది. రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ని.

పేజీలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. నవల పొడుగు పొడుగుగానే ఉండిపోయింది. విడుదల సభలో ఒకరు ఆ ముసలమ్మ పాత్రను ఎంత ఆలోచించి నిలబెట్టారో అని మెచ్చుకుంటే, వేదిక మీద చేతులు జోడించి ఊరుకున్నాను. ఎదురుగా నా భార్య కూర్చుని ఉంది. ఆ ముసలమ్మను తీసేసింది నేను, నిలబెట్టింది నా భార్య.

ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. నేను రాసిన ‘నాన్ మూవింగ్’ మీద గీత కొట్టి, రాక్ నంబరు రాయవలసిన గడిలో నా భార్య తన చేత్తో ‘గడప’ అని రాసింది.