కుక్కకి కూడా ‘అండీ’

అండీ మాస్టారు కుక్కలకి బుద్ధులు నేర్పే మనిషి. ఆయనలో వింత ఒకటే: పుట్టి బుద్ధెరిగాక ఏ కుక్కనీ ‘నువ్వు’ అనలేదు. "కూర్చోండి", "ఆ చెప్పు వదలండి", "గోడ దగ్గర కాలెత్తకండి, నలుగురూ చూస్తారు". యజమానుల్ని మాత్రం "ఏవయ్యా, నీకు బుద్ధుందా?" అని దులిపేసేవాడు. ఒకసారి గోడ దూకిన దొంగ మీదికి కుక్క లంఘిస్తుంటే "కూర్చోండి" అన్నాడు. కుక్కతోపాటు దొంగ కూడా కూర్చున్నాడు. పోలీసులొచ్చేదాకా ఇద్దరూ లేవలేదు. నమ్మకపోతే ఆ దొంగనే అడగండి.

టైలరమ్మ ఆయన్ని పిలిచే ముందు ఇద్దరు శిక్షకుల్ని చూసింది. ఆమె కుక్క బొత్తాం ఉన్నట్టుండి తలుపు మీదికి ఉరికి, గోళ్లతో గీకి, మెట్లు దద్దరిల్లేలా మొరిగేది. రోజుకి ఇరవైసార్లు! ఈల వేసుకుంటూ వచ్చిన మొదటివాడు తిండి ఎక్కువైందన్నాడు. రెండోవాడు కరెంటు షాకిచ్చే మెడపట్టీ తీశాడు, టైలరమ్మ కత్తెర తీసింది. వాడు మెట్లు దిగలేదు, దొర్లాడు. ఈలోగా అపార్టుమెంటు పెద్దలు గోడకి కాగితం అంటించారు: నెలాఖరులోగా మొరుగుడు ఆగాలి, లేదా కుక్క వెళ్లిపోవాలి. భర్త పోయి ఎనిమిది నెలలైన ఆ ఇంట్లో, ఆమెకి తోడు బొత్తామొక్కటే.

మాస్టారు వచ్చి చెప్పులు విడిచి, బొత్తానికి చేతులు జోడించాడు. "ఏవండీ, బాగున్నారా?"

బొత్తాం ఒక్క గెంతులో తలుపు దగ్గర తేలింది. తోక ఊపుతూ మొరుగుడే మొరుగుడు.

"దీనికి మర్యాద పడదేమో మాస్టారూ."

"మర్యాద పడని ప్రాణి ఉంటుందా అమ్మా?"

అంతలో పైఅంతస్తులోంచి కేక: "ఏవండీ, మోటారు కట్టేయండి!" బొత్తాం తలుపు దగ్గర. ఎదురింట్లోంచి ఇంకోటి: "ఏవండీ, తాళాలెక్కడ పెట్టారు?" మళ్లీ తలుపు దగ్గర.

మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మీవారిని ఏమని పిలిచేవారు?"

కుట్టుమిషను ఆగింది. "ఇంకేమని పిలుస్తాం? అందరిలాగే."

సాయంత్రం భర్త గేటు దగ్గర కనబడగానే ఆమె కిటికీలోంచి ఆ మాట అనేది. బొత్తాం తలుపు దగ్గరికి పరిగెత్తేది. తలుపు తీస్తే ఆయన ఉండేవాడు. బొత్తాం లెక్కలో అది ఆయన పేరు. ఇప్పుడు ఇంటింటా ఆయన్నే పిలుస్తున్నారు, ఆయనే రావడం లేదు.

"ఆ మాట మరిపించెయ్యొచ్చమ్మా, వారం పని."

"మరిచిపోవాలా?" ఆమె బట్టలోంచి గుండుసూది తీసి, మళ్లీ అక్కడే గుచ్చింది. "ఈ ఇంట్లో ఆయన కోసం చూసేవాళ్లం ఇద్దరం. ఇదీ మానేస్తే నేనొక్కదాన్నే."

మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే దారి మళ్లిద్దాం. మాట అదే. వినగానే మీ దగ్గరికి రావాలి. బిస్కెట్టు పట్టుకుని మీరే పిలవాలి. నేను పిలిస్తే నా వెంట వచ్చేస్తారు వీరు."

మొదటిరోజు ఆమె నోరు తెరిచింది, మూసింది. రెండోరోజు "ఏ..." దాకా వచ్చింది.

"దారం తెగిందా అమ్మా?"

"తుప్పు పట్టింది మాస్టారూ."

"మిషనుకి నూనె వేసే చెయ్యే కదా మీది!"

మూడోరోజు వచ్చింది: "ఏవండీ." అప్పట్లో కిటికీలోంచి పిలిచినట్టే. బొత్తాం తలుపు దగ్గరికి ఉరికింది. చూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగితే ఆమె నేల మీద చెయ్యి చాపి కూర్చుని ఉంది. వచ్చి బిస్కెట్టు వదిలేసి, ఆ చెయ్యి నాకింది.

"కుక్కలకి ‘అండీ’ ఏంటి మాస్టారూ?" అని అప్పుడడిగింది, ముక్కు తుడుచుకుంటూ.

"కుక్కల్ని తన్నేవాళ్లని వందమందిని చూశానమ్మా. ‘అండీ’ అని తన్నినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు."

నెలాఖరుకి గోడ మీద కాగితం ఊడింది. పైఇంటావిడ మెట్ల మీద మాస్టార్ని ఆపేసింది. "మూడుసార్లు పిలిచినా మావారు పేపరు దించరండీ. ఒక్క నెల నేర్పరూ? బిస్కెట్లు నేనే పెట్టుకుంటాను."

ఇప్పుడు ఆ అపార్టుమెంటులో ఏ ఇల్లాలు పిలిచినా పలికేది బొత్తామొక్కటే. నేరుగా మిషను దగ్గరికి వచ్చేస్తుంది. సాయంత్రాలు మాత్రం, ఎక్కడో "ఏవండీ" వినబడితే, రెండు తలలూ ముందు తలుపు వైపు తిరుగుతాయి. ఒక్క క్షణం. తర్వాత టైలరమ్మే అంటుంది:

"ఏవండీ, ఆ జాకెట్టు ముక్క మీంచి కాస్త లేవండి. రేపు ఇవ్వాలి."