సుగుణక్క జడ, నల్లా పైపు

పొద్దున మనవడు సానరాయి మిషన్ మీది నల్లా పైపు ముక్కను ఊడదీశాడు. ఆ తుప్పు వాసనకు మా సుగుణక్క జడ కళ్ల ముందుకొచ్చింది. తార్నాకలో నాతో ఆడుకున్నవాళ్లారా, మోకాళ్లదాకా ఉండే ఆ జడ గుర్తుందా?

మా నాన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫిట్టరు. అప్పుడు మా ఇంటి షెడ్డులో ఉన్న ఈ మిషన్‌కు తిరిగే కడ్డీ మూత లేకుండా బయటికే ఉండేది. అక్క నాన్నకు అన్నం తెచ్చి వంగి కింద పెడుతుంటే, తిరుగుతున్న ఆ కడ్డీ తన జడను చుట్టేసుకుంది. అక్క బతకలేదు.

మూడోనాడు నాన్న షెడ్డు మూలనున్న పాత నల్లా పైపును నిలువునా కోసి, క్లాంపులతో కడ్డీ మీద మూతలా బిగించాడు.

"గీ ముక్క ఇన్నాళ్లు గీడనే ఉన్నది గదా!" అని అరిచింది అమ్మ.

"అడ్డమొస్తున్నది నానమ్మా," అన్నాడు పొద్దున మనవడు, ఊడదీసిన ముక్కను చేత్తో పట్టుకుని.

"అడ్డముండాలనే పెట్టిండురా! నా కండ్ల ముందర బిగించు."

బిగించాడు. నాకు చదువు రాదు, మనవరాలితో రాయిస్తున్నాను. నేను పోయాక కూడా దాన్ని ఎవరూ ఊడదీయొద్దు.