నాలా దగ్గర ఆగిన ఘటం

ఉత్తరాది ఉక్కు కార్ఖానా ఊళ్లో, బర్మామైన్స్ అనే పేటలో మా తెలుగువాళ్ల వీధి ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టడానికి ఒక వానాకాలం నలుగురు ఆచార్యులు జీపులో వచ్చారు. ఒకాయనది భూగోళం, ఒకాయనది సమాజశాస్త్రం, ఇంకొకాయనది అర్థశాస్త్రం, నాలుగో ఆయన డాక్టరు. ఇన్ని శాస్త్రాలు ఒకే జీపులో ఇరుక్కుని కూర్చుంటే దాన్ని గొప్ప పరిశోధన అంటారని నాకు అప్పుడే తెలిసింది. మనుషులు తామున్న చోటుకు హద్దులు ఎలా గీసుకుంటారు, ఆ హద్దుల వల్ల వాళ్ల మంచిచెడ్డలు ఎలా మారతాయి అన్నది వాళ్లు తేల్చవలసిన విషయం. వాళ్లకు తెలుగు రాదు. మా పెద్దవాళ్లకు కార్ఖానాలో తిట్టడానికీ తిట్లు తినడానికీ సరిపడా హిందీ మాత్రమే వచ్చు. అందుకని బి.ఏ. పాసై, ఉద్యోగం లేక, వీధి అరుగుల మీద దేశ భవిష్యత్తు నిర్ణయిస్తున్న నన్ను దుబాసీగా పెట్టుకున్నారు.

ఆ గౌరవానికి తగ్గట్టు నేను సాక్చీ బజారులో కొత్త టెరిలిన్ పేంటు కుట్టించుకున్నాను. కింద గంటలా విచ్చుకునే పేంటు. లేత గోధుమరంగు. ఈ కథలో జరిగిన అనర్థమంతటికీ అదే మూలం.

మొదటిరోజు మా వీధి పెద్దను కూర్చోబెట్టి అడిగారు. రోలింగు మిల్లులో పనిచేసి రిటైరైన ఆయన్ని మేమందరం మావయ్య అనేవాళ్లం.

"మన వీధి ఎందాకా అని అడుగుతున్నారు మావయ్యా."

"ఎందాకా ఏటిరా? గటం ఎందాకా ఎల్తే అందాకా. నాలా దాటి మీ అత్త గుమ్మం కాడికెల్లి తిరుగుతాది. నీకు తెల్దేటి?"

నాకు తెలుసు. వేసవి చివర అమ్మవారి పండక్కి వేపాకులు కట్టి, పసుపు పూసిన కుండ నెత్తిన పెట్టుకుని మా అమ్మే వీధంతా తిరిగేది. ప్రతి ఇంటి ముందూ ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు పోసేవారు. ఇల్లు చేరేసరికి అమ్మ కాళ్లు మోకాళ్ల దాకా పచ్చగా ఉండేవి. నాలా మీద అడ్డంగా వేసిన పాత రైలుపట్టాల స్లీపరు దుంగ మీదుగా అవతలికి వెళ్లి, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన తెలుగువాళ్ల ఇళ్లు కూడా తిరిగి వచ్చేది. వాటిలో మొదటి ఇల్లు మావయ్య చెప్పిన అత్తది. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను పుట్టినప్పుడు నాకు మొదటి నీళ్లు పోసింది ఆవిడేనని అమ్మ చెప్పేది. "గటం నా గుమ్మం తొక్కితే నాకూ మనుసులున్నారని ఒక దైర్నం" అనేది అత్త.

ఇదంతా చెబితే ఆచార్యులు అవతలి ఇళ్లు చూస్తామంటారు. వానకు స్లీపరు నాచుపట్టి ఉంది. కింద నాలా నల్లగా పారుతోంది. నేను నా పేంటు అంచుల వైపు చూసుకున్నాను.

"నాలా దాకా, సార్" అన్నాను ఇంగ్లీషులో.

మావయ్య అన్ని మాటలు చెబితే నేను రెండు ముక్కల్లో తేల్చినందుకు వాళ్లు అనుమానించలేదు సరికదా, నా అనువాదంలో క్లుప్తత ఉందని మెచ్చుకున్నారు. నాలా సహజమైన హద్దు అన్నాడు భూగోళం. అది భాషా సంస్కృతుల మధ్య గీత అన్నాడు సమాజశాస్త్రం. అటు సంపాదన వేరు, ఇటు వేరు అన్నాడు అర్థశాస్త్రం. మురుగు దాటితే రోగాలొస్తాయని జనం ఏనాడో గ్రహించారని డాక్టరు సంతోషించాడు. నలుగురూ అంత ఏకాభిప్రాయానికి రావడం అరుదట. నా పేంటు మీద ఒక్క చుక్క పడకుండా నాలుగు శాస్త్రాలూ ముందుకు సాగాయి.

చలికాలంలో పటం తయారైంది. వీధి చుట్టూ ఎర్రగీత. నాలా దగ్గర మరీ లావుగా. ఒక ప్రతి అద్దం కట్టించి మా వీధి తెలుగు సంఘం గదికి బహూకరించారు. "మావోడు దగ్గరుండి గీయించినాడు" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి. ఆ వినయం నాకు బాగా నప్పేది.

వేసవిలో పండగ మాటలు మొదలయ్యాయి. ఊరేగింపు తొందరగా ముగించాలని కుర్రాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఒకడు గోడ మీది పటం చూపించి, "నక్షా మే తో నాలా తక్ హీ హై" అన్నాడు. పటంలో నాలా దాకానే ఉంది మరి. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద సదువులోల్లు గీసీసినారు. మనం కాదంతే బాగుంతాదేటి? ఏరా, నువ్వు సెప్పు."

అందరూ నా వైపు చూశారు. చెప్పవలసిన మాట చిన్నది. దాని ఖరీదు నా గొప్పతనం. నేను పటం వైపు చూసి మౌనంగా ఉన్నాను. చదువుకున్నవాడి మౌనానికి మా వీధిలో ఔననే అర్థం.

ఆ ఏడు ఘటం నాలా దగ్గర వెనక్కి తిరిగింది. అవతల అత్త గుమ్మం అలికి, ముగ్గేసి, చెంబుతో పసుపునీళ్లు పట్టుకుని నిలబడింది.

"ఒదినా! ఇటు, ఇటు!" అని పిలిచింది. మేం దారి మరిచామనుకుంది పాపం.

అమ్మ తల తిప్పలేదు. నెత్తిన కుండ ఉంది కదా, తిప్పకపోవడానికి మంచి సాకు. డప్పులు దూరమయ్యాక అత్త ఆ నీళ్లు తన గుమ్మం మీదే పోసుకుని లోపలికెళ్లింది. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

తరవాత ఆవిడ మా కుళాయికి రావడం మానేసింది. మా ఇంటికి రావడం మానేసింది. నాలా అవతలి మిగతా ఇళ్లవాళ్లూ అంతే. మళ్లీ చలికాలంలో ఆచార్యులు వచ్చి చూసుకున్నారు. నాలాకు అటూ ఇటూ రాకపోకలు లేవు. తాము ముందే చెప్పామని ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు. నాకూ చెయ్యిచ్చారు. ఆ చెయ్యి ఇంటికొచ్చి కడుక్కున్నాను, పోలేదు.

ఆ రోజే అమ్మకు నిజం చెప్పాను. ఆమె నా పేంటు వైపు చూసింది.

"పేంటు కోసరమా?"

"అవునమ్మా."

"నీకు తొలి నీల్లు పోసిన మనిసిరా అది. నాను నీ గీత నమ్మి మొకం తిప్పుకున్నాను" అంది.

మావయ్యకూ చెప్పాను. ఆయన నవ్వి, తిట్టి, మళ్లీ నవ్వి, "ఇప్పుడు మారిత్తే కుర్రోల్లు ఊరుకోరురా" అన్నాడు. మరుసటి వేసవి డప్పులవాళ్లు కిందటేడులాగే నాలా దగ్గర తిరిగిపోయారు. అమ్మ తిరగలేదు. కుండతో స్లీపరు మీద కాలు పెట్టింది. నేను నాలాలోకి దిగాను. మురుగు మోకాళ్ల పైకి వచ్చింది. చెయ్యి అందించి, పక్కనే నడుస్తూ ఆమెను దాటించాను.

అత్త తలుపు వేసి ఉంది.

"ఒదినా, గటం వచ్చింది" అంది అమ్మ.

"మా ఇల్లు మీ ఈదిలో ఉందేటి?" అని లోపలినుంచే అడిగింది.

"ఈ సదుంకున్న ఎదవ తప్పు సెప్పీసినాడు. నాను సదుంకోకుండానే తప్పు సేసీసినాను. మెడ నొప్పెడతంది, తలుపు తియ్యే."

కాసేపటికి గడియ చప్పుడైంది. అత్త చేతిలో చెంబు ఉంది. నా కాళ్ల వైపు చూసింది, మొహం వైపు చూడలేదు.

"పసుపు కలపలేదు. వత్తారని ఎవులు సెప్పారు నాకు?" అని, మామూలు నీళ్లే అమ్మ పాదాల మీద పోసింది.

అంతవరకూ మా వీధి ఇళ్లన్నీ పోసిన పసుపు ఆ నీళ్లకు కరిగి జారిపోయింది. ఆ ఏడు అమ్మ తెల్లటి పాదాలతో ఇంటికొచ్చింది.