దేవుడికేసిన దండ తెంపాను

తొంభైల్లో నాన్న పోయాక ఆయన రైల్వే ఉద్యోగం నాకిచ్చారు. బిలాస్‌పూర్ రైల్వే గ్రౌండులో గడ్డి కోసే బండి నడపాలి. యంత్రాలన్నిటికీ దండలేసి చేసే విశ్వకర్మ పూజ మర్నాడు ఆ బండి స్టార్టవలేదు.

“ఆడది ఎక్కితే ఇంతే. రేపట్నించి ఆఫీసులో టీలియ్యి,” అన్నారు మేస్త్రీ బాబాయి, అందరి ముందూ.

నాకు ఒళ్ళు మండింది. ప్లగ్గు విప్పి చూస్తే స్పార్కు లేదు. వైర్లన్నీ తడుముకుంటూ వెళ్ళాను. ఇంజనుకి వేసిన బంతిపూల దండని మావాళ్ళు దారం బదులు రాగితీగతో గుచ్చారు. ఇంజనుని ఆపే వైరు కొసకి ఆ తీగ తగిలి, కరెంటుని బాడీలోకి లాగేస్తోంది.

దండ తెంపబోతే, “దేవుడికేసిన దండ అది! పాపం తగుల్తాది!” అని అరిచారు బాబాయి.

తెంపి ఆయన చేతిలోనే పెట్టి తాళం తిప్పాను. ఇంజను అందుకుంది.

“ఏటి బాబాయ్, ఇప్పుడు టీలు ఎవులిస్తారు?” అన్నాను.

ఆ తర్వాత ఏటా పూజకి ఆ బండికి దండ నేనే వేశాను, దారంతో గుచ్చి.