గాల్లో వంగిన నూలుబంతి

మా చిన్నప్పుడు కోయంబత్తూరు మిల్లు లైన్లో, అంటే మిల్లు పనోళ్ళ ఇళ్ళ వరసలో, బంతిని ఎవరూ కొనేవాళ్ళు కాదు... చుట్టుకునేవాళ్ళం! నడుమ గుడ్డపేలికల ఉండ పెట్టి, మిల్లులో పారేసే వేస్టు నూలు దాని మీద బిగించి బిగించి చుట్టి, గంజి పూసి ఎండబెడితే బంతి తయారు.

అందరికంటే గట్టి బంతి నాదే. అయినా మైదానంలోకి రానిచ్చేవాళ్ళు కాదు... ఆడపిల్లనట. చాలదా కారణం!

మా అమ్మ మిల్లులో తెగిన పోగులు అతికేది. చూపుడువేలు, బొటనవేలు మధ్య పోగుని ఒక్క మెలి తిప్పి వదిలేది. చూసి చూసి ఆ మెలి నాకూ పట్టుబడింది. అదే మెలితో బంతి వదిలితే, నేల తాకకముందే గాల్లో పక్కకి వంగిపోయేది...

ఒక ఆదివారం పక్క మిల్లు లైనోళ్ళతో పందెం. మావాళ్ళలో ఒకడికి జ్వరం. మా పెద్దమ్మ కొడుకు సెల్వన్న మా జట్టుకి కెప్టెను. గతిలేక నన్ను పిలిచినాడు. "ఒక్క ఓవరే పాపా. ఇంట్లో చెప్పొద్దు, సరియా?"

మొదటి బంతికే అవతలి కెప్టెను వెనకాల కర్రలు ఎగిరిపోయినాయి. రెండో బంతికి ఇంకొకడు. అంతే, గోల!

"మోసం! లోపల నూలు చుట్టే బాబిన్ కట్టె ముక్క ఓరగా పెట్టి చుట్టుండాది ఇది. యాడన్నా బంతి గాల్లో తిరుగుతాదా?" ఆ కెప్టెనూ మనోడే, ఇంట్లో తెలుగే. కోపమొస్తే మాత్రం తమిళం... "ఇవ ఆడక్కూడాదు!" ఈ పిల్ల ఆడకూడదంట.

"పోనీలే, నువ్వు ఇంటికి పో పాపా" అన్నాడు సెల్వన్న. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు పోతే ఇంక జన్మలో రానివ్వరని తెలుసు.

"విప్పి చూడు. బాబిన్ ముక్క ఉంటే నేను మళ్ళీ బంతి ముట్టను. లేకపోతే నోరు మూసుకుని ఇంకోసారి బ్యాటు పట్టు" అన్నాను వాడితో.

వాడు నిజంగానే విప్పినాడు. నూలు కింద పడెయ్యకుండా మోచేతికి చుట్టుకుంటూ మరీ! మిల్లు ఇంట్లో పుట్టినోడికి పోగు పారెయ్యడానికి చెయ్యి రాదు కదా... చివరికి గుడ్డ ఉండ తేలింది. దాన్నీ దులిపి చూసినాడు. ఏమీ లేదు. ఎంత కష్టపడి చుట్టిన బంతి!

"ఇప్పుడు దేంతో వేస్తావంట?"

"నీ దాంతోనే."

వాళ్ళ దగ్గర నూగు పోని కొత్త టెన్నిస్ బంతి ఉంది. అదే మెలి తిప్పి వదిలినాను. బంతి తిన్నగా పోయి పోయి, వాడు బ్యాటు ఊపేసరికి పక్కకి వంగి కర్రల్ని పడగొట్టింది. అబ్బ, ఆ సుఖం ఇప్పటికీ ఉంది నాకు!

కాలేజీలో చదువుకున్నాక తెలిసింది... తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుని తిప్పుతుంది. దాంతో ఒక పక్క గాలి జోరందుకుంటుంది, ఇంకో పక్క మందగిస్తుంది. గాలి జోరుగా ఉన్న పక్కకే బంతి వంగుతుంది. పైన గరుకుగా ఉంటే గాలి బాగా దొరుకుతుంది, తేలిగ్గా ఉంటే వంపు ఇంకా ఎక్కువ. నూలుబంతికి రెండూ ఉన్నాయి. మోసమంట, మోసం!

ఆ రోజుతో అందరూ మారిపోయినారని రాస్తే అబద్ధం. సంగతి తెలిసి నాయన అరిచినాడు. అవ్వ శాపనార్థాలు పెట్టింది. సెల్వన్న ప్రతి ఆదివారం "వద్దు పాపా" అనేవాడు... నేను ప్రతి ఆదివారం పోయేదాన్ని.

మిల్లు మూతపడి ఎన్నేళ్ళో అయింది. మైదానంలో అపార్టుమెంట్లు లేచినాయి. పోయిన నెల అటు పోతే పిల్లలెవరూ బయట కనబడలేదు... ఏడుపొచ్చింది.

మీ వీధిలో కూడా అందరూ వద్దన్నా బంతి పట్టిన ఆడపిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఆమెను మీరు ఏమని పిలిచేవాళ్ళో కింద కామెంట్లో రాయండి... అప్పుడు జట్టు పట్టీలో మాలాంటి ఆడపిల్లల పేర్లు ఎవరూ రాయలేదు, ఇక్కడన్నా ఉండనీ.